ఆఫీసు నోటీసులో అసలు విషయం ముందు రాయాలా, చివర రాయాలా?

ముందే రాయాలి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్నది మొదటి వాక్యంలోనే తెలియాలి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. మధ్యలో నాలుగు సంగతులు ఇరికిస్తే, క్రియ వచ్చేదాకా చదివేవాళ్లు అన్నీ గుర్తుపెట్టుకోవాలి. అందుకే వాక్యానికి ఒక్క సంగతే మంచిది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతుల కోసం ఒక నోటీసు అనుకోండి. "తేమ శాతము నిర్దేశిత పరిమితికి మించియున్న యెడల సదరు సరుకు మద్దతు ధరకు కొనుగోలు చేయబడదని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అంటే ఒక పట్టాన అర్థం కాదు. "పత్తిని బాగా ఆరబెట్టి తీసుకురండి. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు" అని రాయండి. "పరిమితి" పోయి 12 అనే అంకె వచ్చింది చూడండి, అదే పెద్ద మేలు. బండి కట్టకముందే, ఇంకో రెండు రోజులు ఎండబెట్టాలా వద్దా అన్నది రైతు ఇంటి దగ్గరే తేల్చుకుంటాడు.

ఇంత సులువుగా రాస్తే మర్యాద తగ్గుతుందని, రూల్స్ ప్రకారం చెల్లదని చాలామందికి టెన్షన్. అది అపోహే. "గారు", "దయచేసి", "తీసుకురండి" అన్నప్పుడే మర్యాద వచ్చేసింది. ఉత్తర్వు నంబరు, తేదీ మాత్రం తప్పకుండా ఉండాలి. వాటిని కింద రాస్తే సరిపోతుంది.