బాక్ యీ అంటే నూట రెండు కాదు

ప్రశ్న: నేను ఓడలో పనిచేస్తాను. హాంకాంగ్‌లో దిగినప్పుడు ఉపయోగపడతాయని కాంటనీస్ అంకెలు పది వరకు కంఠస్థం చేశాను. కిందటిసారి బజారులో ఒక సంచి ధర అడిగితే, అమ్మే ఆవిడ ‘బాక్ యీ’ అన్నారు. బాక్ అంటే వంద, యీ అంటే రెండు కనుక నూట రెండు డాలర్లు ఇచ్చాను. ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా తప్పేమిటి?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీరు విన్న అంకెలు సరైనవే, ఆవిడ అడిగింది మాత్రం నూట ఇరవై. కాంటనీస్‌లో వంద తరువాత ఒక్క అంకె పలికి ఆపేస్తే అది పదుల స్థానానిది, వెయ్యి తరువాత ఆపేస్తే వందల స్థానానిది. కాబట్టి ‘చిన్ బాట్’ అంటే 1,800. నూట రెండు అనాలంటే నడుమనున్న సున్నాను కూడా పలికి ‘యట్ బాక్ లింగ్ యీ’ అనవలసిందే.

డాలరును వాడుకలో ‘మన్’ అంటారు. రాతలో దీనికి దోమ అనే అర్థమున్న అక్షరాన్నే వాడతారు. పదివేలను ‘మాన్’ అంటారు. హ్రస్వదీర్ఘాల తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చిందే కనుక ఇక్కడ తెలుగువారికి కష్టముండదు. అయితే మన్‌ను హెచ్చు స్థాయిలోనూ, మాన్‌ను తగ్గు స్థాయిలోనూ పలకాలని గుర్తుంచుకోవాలి. మన లక్ష వారికి పది మాన్‌లు.

రెండు డాలర్లను ‘యీ మన్’ అనరు, ‘లోంగ్ మన్’ అంటారు. మూడు డాలర్లు ‘సామ్ మన్’ అయినా, మూడున్నర దగ్గరకు వచ్చేసరికి మన్ తొలగి ‘సామ్ గో బున్’ అవుతుంది. ఇందులో బున్ మన ‘అర’ వంటిది. ఇరవైని తరచుగా ‘యా’ అని కుదించడం వల్ల ‘యా యీ గో బున్’ అని వినబడితే అది ఇరవై రెండున్నర. ఎర్రని వంద డాలర్ల నోటుకు ‘హుంగ్ సామ్ యూ’, అంటే ఎర్రచొక్కా చేప, అని ముద్దుపేరు. చేపలరేవున్న ఊరివారు మీరు దీన్ని మరచిపోరు.

కూరగాయలు, చేపల ధర చాలాచోట్ల కిలోకు కాక ‘గన్’కు చెబుతారు, అది సుమారు 605 గ్రాములు.

ఈసారి డబ్బు తీసే ముందు, విన్న ధరను కుదించకుండా ‘యట్ బాక్ యీ సప్ మన్?’ అని తిరిగి అడగండి. సరిపోతే ఆవిడ ‘హయ్’ అంటారు.