హెడ్డు కాదమ్మా, దాని మీది మూత!

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది వేళచ్చేరి. మా నాన్నగారు కొన్న 2001 మోడల్ హోండా సిటీ వీటెక్ ఇప్పుడు నేనే నడుపుతున్నాను. రెండు నెలలుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఏసీలోంచి ఏదో మాడిన వాసన వస్తోంది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ ముందు వైపంతా నల్లగా, జిడ్డుగా ఉంది. ఒక మెకానిక్‌కి చూపిస్తే "గ్యాస్కెట్ పోచ్చు మేడమ్, హెడ్ ఇరక్కణుం" (గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దించాలి) అని పద్దెనిమిది వేలు అడిగాడు. ఇంకొకతను చుట్టూ సిలికాన్ పూసేస్తే చాలన్నాడు. పక్కింటి అంకుల్ మాత్రం ఇది ఇంట్లోనే చేసుకునే పని అంటున్నారు. ప్లగ్గులు, బ్యాటరీ మార్చుకోవడం వరకూ నాకు అలవాటే. ఇది నా వల్ల అవుతుందా? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఆ పద్దెనిమిది వేలు బీరువాలో పెట్టి తాళం వేయండి.

గ్యాస్కెట్ అంటే రెండు భాగాల మధ్య కారకుండా వేసే ప్యాకింగ్. మాట ఒక్కటే, ఇంజన్లో గ్యాస్కెట్లు మాత్రం చాలా. తంటా అంతా అక్కడే వచ్చింది. కింద సిలిండర్లుండే బ్లాకు, దాని మీద వాల్వులుండే హెడ్డు. ఆ రెంటి మధ్య ఉండేది హెడ్ గ్యాస్కెట్. అది పోతే నిజంగానే హెడ్డు దించాలి, టైమింగ్ బెల్ట్ విప్పాలి, లేత్ షాపులో ఫేసింగ్ (అడుగు సాపుగా ఉందో లేదో) చూపించాలి. పెద్ద పని. హెడ్డు మీద వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్టు, రాకర్లు ఉంటాయి. వాటిని కప్పుతూ ఒక మూత ఉంటుంది. మా షెడ్లలో దాన్ని ట్యాపెట్ కవర్ అంటాం, ఇంగ్లీషు పుస్తకాల్లో వాల్వ్ కవర్ అని ఉంటుంది. ఆ మూత అంచు చుట్టూ రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. మీ వంటింట్లో కుక్కర్ రబ్బరు ఎలాగో ఇదీ అలాగే. వేడికి ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి గట్టిపడుతుంది, సాగడం మానేస్తుంది, పక్కనుంచి కారుతుంది. కుక్కర్ రబ్బరు పోయిందని ఎవరూ స్టవ్ విప్పరు కదా.

మరి హెడ్ గ్యాస్కెట్టే పోలేదని గ్యారంటీ ఏమిటంటారా? ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. నీళ్ళు తగ్గిపోతున్నాయా, వాటి మీద నూనె తేలుతోందా? ఆయిల్ పోసే మూత అడుగున, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద పాలు ఎక్కువైన ఫిల్టర్ కాఫీ రంగులో నురగ ఉందా? బండి వేడెక్కిపోతోందా, వెనక తెల్లపొగ ఆగకుండా వస్తోందా? వీటిలో ఏదైనా ఉంటే నేను చెప్పేదంతా పక్కన పెట్టి మంచి షెడ్డుకి వెళ్ళండి. ఏదీ లేకపోతే మిమ్మల్ని అడిగింది అక్కర్లేని పనికి డబ్బు.

మీ బండిలో వాసన ఎందుకొస్తుందో చెప్తాను. ఆ ఇంజన్లో పొగ బయటికి పోయే గొట్టాల గుత్తి, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, రేడియేటర్ వైపే, అంటే ముందు వైపే ఉంటుంది. కవర్ ముందు అంచు నుంచి జారిన ఆయిల్ తిన్నగా దాని మీద పడి మాడుతుంది. బండి కదులుతుంటే గాలికి కొట్టుకుపోతుంది, సిగ్నల్లో ఆగితే లోపలికి వస్తుంది. ఇది వాసనతో పోయే సంగతి కాదు. కాలే మానిఫోల్డ్ మీద ఆయిల్ పేరుకుంటే మంట అంటుకునే ప్రమాదం ఉంది. అందుకని వాయిదా వేయకండి.

కానీ ప్యాకింగ్ కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి పాకుతుంది. అందుకని ఎక్కడ ఎక్కువ తడి ఉందో అక్కడే లీకు ఉండాలని లేదు. అన్నిటికంటే పైన ఎక్కడ తడి మొదలైందో అదీ లీకు. చల్లారిన ఇంజన్ని కిరసనాయిలు తడిపిన బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. తర్వాత మొహానికి రాసుకునే పౌడరే అంచు పొడవునా పల్చగా చల్లి, నాలుగు వీధులు తిరిగి రండి. తెల్లటి పౌడర్లో తడిచార ఎక్కడ మొదలైందో టార్చి వేసి చూడండి. హెడ్డు చివర డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) కింద మొదలైతే దోషం దాని ఓ-రింగుది, అంటే గుండ్రటి రబ్బరు రింగుది. మీది వీటెక్ కాబట్టి ఆ వైపే ఉండే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే ఆయిల్ వాల్వు) కింది గ్యాస్కెట్ కూడా కారవచ్చు. రెండూ చిన్న వస్తువులే, కానీ వాటి తప్పుకి ట్యాపెట్ కవర్ విప్పిన మెకానిక్కులు నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ ఆ పని చేశాను.

సామానుకి జీపీ రోడ్డుకి వెళ్ళండి, మౌంట్ రోడ్డు పక్కనే. ఛాసిస్ నంబర్ ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్ళండి. పుదుప్పేటలో పాత సామాను చవగ్గా దొరుకుతుంది గానీ రబ్బరు వస్తువు పాతది కొనడం దండగ. "సెట్టు" అని అడగండి. అందులో కవర్ చుట్టూ వచ్చే ప్యాకింగ్, ప్లగ్ గొట్టాల చుట్టూ కూర్చునే నాలుగు రబ్బరు రింగులు, నట్ల కింద వచ్చే రబ్బరు వాషర్లు ఉండాలి. చాలామంది మొదటిది ఒక్కటే కొంటారు. నెల తిరిగేసరికి ప్లగ్ గొట్టాల్లోకి ఆయిల్ దిగి, ఇంజన్ మిస్సింగ్ కొట్టి, మళ్ళీ మొదటికి వస్తారు. ఒక చిన్న సిలికాన్ ట్యూబు కూడా తీసుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆదివారం పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద మొదలుపెట్టండి. ఆయిల్ దించనక్కర్లేదు. బండి ఆగితే అది కింద సంప్‌లోకి, అంటే ఆయిల్ తొట్టిలోకి, దిగి ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీయండి. ప్లగ్ వైర్లకి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని టేపు అంటించి పేరు పెట్టాకే పీకండి. వైరు పట్టుకుని కాదు, చివర రబ్బరు టోపీ పట్టుకుని కాస్త తిప్పి లాగండి. వైర్లు తారుమారైతే బండి దగ్గుతుంది, దడదడలాడుతుంది, మీరు ప్యాకింగుని తిడతారు.

వైరు తీయగానే ఆ గొట్టంలోకి టార్చి వేయండి. అడుగున ఆయిల్ మెరుస్తోందా? అప్పుడు ప్లగ్గు జోలికి పోకండి. పాత పంచె ముక్కని పురిపెట్టి లోపలికి దింపి, అది పీల్చుకున్నాక తీసి, మళ్ళీ దింపండి. తర్వాత సైకిల్ పంపుకి సన్న గొట్టం తగిలించి మట్టీ ఇసుకా ఊదేయండి. అది పూర్తిగా పొడిగా అయ్యాకే ప్లగ్గు. లేకపోతే ఆ ఆయిల్, ఆ ఇసుక తిన్నగా సిలిండర్లోకి దిగుతాయి.

కవర్ మీది టోపీ నట్లకి 10 నంబర్ సాకెట్ సరిపోతుంది. ఒక్కోసారి నట్టుతో పాటు అది బిగుసుకునే మరల కడ్డీ, స్టడ్డే ఊడి వస్తుంది, కంగారు పడకండి, తిరిగి అదే రంధ్రంలో బిగించండి. కవర్‌కి తగిలించిన బ్రీదర్ గొట్టం (ఇంజన్ గాలి పీల్చే రబ్బరు గొట్టం) గట్టిపడి ఉంటుంది, ముందు అటూ ఇటూ తిప్పి వదులు చేశాకే లాగండి. కవర్ రాకపోతే మూల మీద రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి మీటారో, అల్యూమినియం గీసుకుపోతుంది. ఆ గీత లోంచే మళ్ళీ కారుతుంది.

మూత లేచాక లోపల గోధుమ రంగు ఆయిల్ పూతతో క్యామ్‌షాఫ్టు కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు కాసేపు అలా నిలబడిపోతారు. మీరూ నిలబడండి, కానీ చేతిలో ఏమీ లేకుండా. పైజేబులో పెన్ను ఉంటే తీసేయండి. అక్కడ పడింది ఆయిల్ దిగే రంధ్రాల్లోంచి అడుక్కి పోతుంది.

కవర్ తిరగేస్తే గాడిలో పాత ప్యాకింగ్ ఉంటుంది. గోరుతో ఎత్తి చూడండి. కొత్తది వేలికి చుట్టుకుంటుంది, ఇది అప్పడంలా పుటుక్కుమంటుంది. ఆ విరిగిన అంచులోనే మీ రెండు నెలల వాసన ఉంది. ముక్కలు ముక్కలుగా వస్తుంది, గాడిలో ఒక్క పలుకు కూడా మిగలకూడదు. చెక్క పుల్లతో గీకండి, లోహంతో వద్దు. హెడ్డు వైపు అంచుని దూది కాకుండా నూలు రాలని గుడ్డతో తుడవండి, చివర్లో పొడిగుడ్డతో మళ్ళీ. మొత్తం పనిలో ప్యాకింగ్ అమర్చడం పది నిమిషాలైతే, తుడవడమే గంట పడుతుంది. షెడ్డులో మా కుర్రాళ్ళకి చేతకానిదీ అదే. వాళ్ళకి బిగించడం అంటే సరదా, తుడవడం అంటే నామోషీ.

ఇక సిలికాన్. చుట్టూ పూయమన్న ఆయన మాట వినొద్దు. రబ్బరు ప్యాకింగు పొడిగానే గాడిలో కూర్చోవాలి. సిలికాన్ పూస్తే జారుతుంది. పైగా లోపలి వైపు పొంగిన పొర ఊడి ఆయిల్లో కలిసి పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. సిలికాన్ కావలసింది హెడ్డు చివర్లలో ప్యాకింగ్ అర్ధచంద్రంలా వంపు తిరిగే మూలల్లో మాత్రమే. అక్కడ రబ్బరు తిన్నగా ఉండే చోటు నుంచి ఒక్కసారిగా వంగుతుంది, చిన్న సందు మిగులుతుంది. ఒక్కో మూలకి పెసరగింజంత పెట్టండి. పెట్టాక టీ తాగడానికి వెళ్ళకండి, ఆరకముందే కవర్ దించాలి.

బిగింపు దగ్గర నా కథ ఒకటి చెప్పాలి. పెరంబూరులో షెడ్డు పెట్టిన కొత్తలో మా బావమరిది అంబాసిడర్‌కి ట్యాపెట్ కవర్ కారుతుంటే నేనే కూర్చున్నాను. అది పాత బీఎంసీ (బ్రిటిష్ కంపెనీ) ఇంజన్. రేకు కవర్, కార్క్ ప్యాకింగ్, పైన రెండే నట్లు. కొత్త ప్యాకింగ్ వేసి బిగించాను, చెమ్మ కనిపించింది. ఇంకాస్త బిగించాను, చుక్క పడింది. ఇంకాస్త. కార్క్ మధ్యలోంచి నలిగి పక్కకి పొంగింది, రేకు నట్ల దగ్గర గిన్నెలా లోపలికి వంగింది. మా బావమరిది ఏమీ అనలేదు, ఇంటికి వెళ్ళాక మా ఆవిడతో అన్నాడు. కవర్ని చెక్క మీద బోర్లించి సుత్తితో సాపు చేసి, ఇంకో కార్క్ వేసి, ఈసారి చేతికి తగిలీ తగలనట్టు బిగిస్తే చుక్క పడలేదు.

మీ బండికి లెక్క ఉంది: 9.8 న్యూటన్ మీటర్లు, అంటే పాత కొలతలో ఒక కేజీ-మీటర్. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో చూపించే పానా) ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే సాకెట్ పిడిని చివర కాకుండా తల దగ్గరే రెండు వేళ్ళతో పట్టుకుని బిగించండి. మధ్య నట్లతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా, రెండు మూడు విడతల్లో. బిగించాక గంటైనా వదిలేసి అప్పుడు స్టార్ట్ చేయండి.

ఇంకొక్క మాట. ఇంజన్లోకి గాలి వెళ్ళే గొట్టాల గుత్తి, అదే ఇన్‌టేక్ మానిఫోల్డ్, మీద పీసీవీ వాల్వ్ అని వేలంత వస్తువు ఉంటుంది. అది ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి లాగేస్తుంది. తీసి చెవి దగ్గర ఆడించండి, గజ్జెలా గలగలమనాలి. మూగగా ఉంటే మడ్డి పట్టి మూసుకుపోయింది. లోపల ఒత్తిడి పెరిగి కొత్త ప్యాకింగుని కూడా తోసుకుని ఆయిల్ బయటికి వస్తుంది. మార్చేయండి.

మొదటి రెండు మూడు రోజులు మాడు వాసన వస్తూనే ఉంటుంది. మానిఫోల్డ్ మీద మిగిలిన పాత ఆయిల్ మాడిపోతుందన్నమాట. వారం తర్వాత కూడా వస్తే మళ్ళీ పౌడర్ డబ్బా తీయండి. సాధారణంగా ఏదో ఒక అర్ధచంద్రం మూలే దొంగ.

ప్రశ్న: మారుతి 800కి ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అర్జెంటుగా దొరకలేదు. సిలికాన్‌తోనే నడిపించవచ్చా?
– ఒక పాఠకుడు, ఆవడి

జవాబు: ఊరు చేరడానికి నడిపించండి, ఊరు తిరగడానికి కాదు. 800 ప్యాకింగ్ దొరకని ఊరు తమిళనాడులో ఉందంటే నేను నమ్మను. ఇంకో రెండు షాపులు అడగండి. ఆ సిలికాన్ని తర్వాత గీకి తీసేటప్పుడు లోపలికి పడకుండా హెడ్డు మీద గుడ్డ కప్పండి.

ప్రశ్న: నా పాత హీరో హోండా స్ప్లెండర్‌కి హెడ్డు దగ్గర గుండ్రటి మూత చుట్టూ ఆయిల్ ఊరుతోంది. ఎంత బిగించినా ఆగడం లేదు.
– ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: బిగించడం ఆపండి బాబూ, మర (థ్రెడ్) పోతుంది. ఆ ట్యాపెట్ మూతలు రెండు, ఒక్కోదాని కింద ఒక ఓ-రింగు. 17 నంబర్ స్పానర్‌తో తీసి, ఓ-రింగులు రెండూ కొత్తవి వేసి, వాటికి కాస్త ఆయిల్ రాసి, చేత్తో తిరిగినంత తిప్పాక స్పానర్‌తో చిన్న విసురు ఇస్తే చాలు. ఎలాగూ మూతలు తీస్తున్నారు కాబట్టి ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్న సందు) కూడా చూపించుకోండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సుమా.