రేస్ కార్డుతో ఒక రాత్రి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశాఖలో రేస్ కోర్సు లేదు. అయినా గుర్రప్పందేల మీద మాకొచ్చే ఉత్తరాలకు కొదవ లేదు. హైదరాబాద్ మలక్‌పేట రేసుల సీజన్ మొదలైందంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రేస్ కార్డు (ఆ రోజు రేసులు, గుర్రాల వివరాల పుస్తకం) ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు ఒకరిద్దరైనా కనబడతారు. గెలిచే గుర్రం పేరు చెప్పమన్న ఉత్తరాలను పక్కనపెట్టి, లెక్క అడిగిన వాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మర్నాడు మలక్‌పేటలో ఎనిమిది రేసులు. సాయంత్రం విశాఖలో రైలెక్కితే పొద్దున దిగుతాను. చేతిలో ఉన్నది ఆ ఒక్క రాత్రే. ఎనిమిదింటికీ గుర్రాలు ఎంచుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఎనిమిదింటికీ ఎంచుకోవద్దు. మొదటి అరగంటలో వదిలేయాల్సిన రేసుల్ని కొట్టేయండి. ప్రతి రేసు పైనా షరతులుంటాయి: రేటింగ్ (గుర్రం సత్తాకిచ్చిన అంకె) ఎంత నుంచి ఎంత వరకు, దూరమెంత, ఏ వయసు గుర్రాలు. ముందు వాటిని చదవండి. ఇంతవరకు ఒక్కసారీ పరుగెత్తని గుర్రప్పిల్లలు సగానికి సగం ఉంటే ఆ రేసు వదిలేయండి. అక్కడ మీరు చదవడానికి ఏమీ ఉండదు, లాయం వాళ్లకు మాత్రం అన్నీ తెలుసు. ఆర్నెల్ల విరామం తర్వాత తిరిగొస్తున్న గుర్రాలు నాలుగైదు ఉన్న రేసుదీ అదే దారి. అట్టడుగు క్లాసులో, అంటే తక్కువ రేటింగుల రేసులో, ఒక్కటీ నిలకడగా పరుగెత్తని గుర్రాల గుంపు ఉందంటే అది లాటరీ టికెట్టే. ఇవన్నీ తీసేస్తే మూడో నాలుగో రేసులు మిగులుతాయి. ఒక్కోదానికి నలభై నిమిషాలు పెట్టండి.

ప్రతి గుర్రం చివరి నాలుగు పరుగులు తీసుకుని ఐదు సంగతులు రాసుకోండి: దూరం, క్లాస్, మోసిన బరువు, గెలిచిన గుర్రానికి ఎన్ని లెంగ్తులు (గుర్రం పొడవులు) వెనక, గెలిచిందెవరు. ఎన్నో స్థానంలో వచ్చిందన్న అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఆరో స్థానంలో వచ్చింది మూడు లెంగ్తుల వెనకే ఉండొచ్చు, రెండో స్థానంలో వచ్చింది ఎనిమిది లెంగ్తులు వెనకబడి ఉండొచ్చు.

తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. గేటు తెరిచీ తెరవగానే ముందుకు దూకే గుర్రాలేవో కార్డు మీద గుర్తు పెట్టుకోండి. అలాంటిది ఒక్కటే ఉంటే దాన్ని ఎవరూ ఒత్తిడి చేయరు. తన ఇష్టమొచ్చిన వేగంతో వెళ్లి చివర్లో దమ్ము మిగుల్చుకుంటుంది. మూడుంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, వెనక నుంచి వచ్చేదానిదే పైచేయి అవుతుంది. అందుకే పొద్దున కోర్సుకు చేరగానే ముందు చూడాల్సింది విత్‌డ్రా అయిన గుర్రాలు. ఆ మూడింట్లో రెండు తప్పుకుంటే మీ రాత్రి లెక్క తలకిందులవుతుంది. రాత్రి వాన పడిందేమో కూడా కనుక్కోండి. నేల ఎంత మెత్తగా ఉందో పెనెట్రోమీటర్ అంకె చెబుతుంది. అంకె పెరిగితే నేల మెత్తబడిందని అర్థం. తడి నేల మీద ఎప్పుడూ చతికిలబడే గుర్రాన్ని అక్కడే కొట్టేయొచ్చు.

ప్రశ్న: కిందటిసారి మొదటి స్థానంలో వచ్చిన గుర్రమే, అప్పుడు రెండో స్థానంలో వచ్చినదాని చేతిలో ఈసారి ఓడింది. బరువు వల్ల అంటున్నారు. నాలుగు కిలోలకే అంత తేడా వస్తుందా?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: వస్తుంది. మేలైన గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే హ్యాండిక్యాప్ పద్ధతి ఉన్నదే అందుకు. మన కోర్సుల్లో ఒక రేటింగ్ పాయింటు అంటే అర కిలో. గెలిచిన గుర్రానికి రేటింగులు నిర్ణయించే హ్యాండిక్యాపర్ 8 పాయింట్లు పెంచితే, అదే క్లాసులో అది 4 కిలోలు ఎక్కువ మోయాలి.

లెంగ్తుల్ని కిలోల్లోకి మార్చడానికి పాత లెక్క ఒకటుంది. 1000, 1200 మీటర్లకు ఒక లెంగ్తు సుమారు ఒకటిన్నర కిలో. 1600 మీటర్లకు సుమారు కిలో. 2400కి అర కిలో. మీరు చెప్పినలాంటి జంటనే తీసుకుందాం. 1200 మీటర్లలో మొదటి గుర్రం 54 కిలోలతో, రెండోది 57 కిలోలతో పరుగెత్తాయి. మొదటిది ఒకటిన్నర లెంగ్తుల తేడాతో గెలిచింది. ఆ తేడా విలువ 2.25 కిలోలు. కానీ అది 3 కిలోలు తక్కువ మోసింది. అంటే సమాన బరువు మీద ముప్పావు కిలో మేలైనది ఓడిన గుర్రమే. ఈసారి మొదటిది 58 మోస్తోంది, రెండోది 57. ముప్పావుకి ఈ కిలో కలిపితే 1.75 కిలోలు, ఒక లెంగ్తు పైమాటే. జనం మాత్రం కార్డులో '1' చూసి మొదటిదానినే ఫేవరెట్ చేస్తారు.

ఈ లెక్క తప్పేది ఎక్కడంటే, గెలిచిన గుర్రాన్ని జాకీ చివరి యాభై మీటర్లలో పగ్గాలు పట్టి ఆపినప్పుడు. కాగితం మీద ఒకటిన్నర లెంగ్తులే పడుతుంది, అసలు తేడా నాలుగుండొచ్చు. పాత రేసు వీడియో చూస్తే తప్ప ఇది తెలియదు. అప్రెంటిస్ జాకీ ఎక్కితే అతనికిచ్చిన బరువు సడలింపు తీసేశాక మిగిలిందే అసలు మోత అని కూడా గుర్తుంచుకోండి.

ఇంకో ఉచ్చు క్లాసు మారడం. 20–45 రేసులో 45 రేటింగ్ ఉన్నదానికి 60 కిలోలనుకుంటే, 41 రేటింగ్ గుర్రం 58 మోస్తుంది. అదే గుర్రాన్ని 40–65 రేసులో దించితే, 65కి 60 కిలోల లెక్కన దానికి 48 పడుతుంది. పది కిలోలు తగ్గిందని సంబరపడేవాళ్లను ప్రతి సీజన్‌లోనూ చూస్తాం. బరువు తగ్గింది కదా అని గుర్రం బాగుపడలేదు, ఎదురుగా ఉన్నవి తనకన్నా 24 పాయింట్ల దాకా మేలైనవి. పైగా 48కి దిగగల జాకీలు కొద్దిమందే. జాకీ ఆ బరువుకి దిగలేకపోయాడని కోర్సులో ఓవర్‌వెయిట్ ప్రకటన వస్తే ఆ తేలిక కొంత అప్పుడే పోయినట్టు.

ప్రశ్న: పేపర్లో ట్రాక్ వర్క్ (రేసుకు ముందు గుర్రాల సాధన) టైములు చూసి '600/38' కొట్టిన గుర్రం మీద కాశాను. అడ్రస్ లేకుండా పోయింది. ఆ టైములు అబద్ధాలా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: అబద్ధాలు కావు, సగం నిజాలు. 600/38 అంటే చివరి 600 మీటర్లు 38 సెకన్లలో వచ్చిందని. పైన ఎక్కింది తేలికపాటి రైడింగ్ బాయా, 56 కిలోల జాకీయా? లోపలి ఇసుక ట్రాకా, బయటిదా? ఒంటరిగా వచ్చిందా, పక్కన మరో గుర్రం తోడుందా? ఇవి చాలాసార్లు పేపర్లో ఉండవు. టైము తీసేది తెల్లవారుజామున, చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి. ఒక లెంగ్తు సెకనులో ఐదో వంతు దాకా ఉంటుంది. అర సెకను తేడా పడితే రెండున్నర లెంగ్తులు గాల్లో కలిసినట్టే. అందుకని రెండు గుర్రాల టైముల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఒకే గుర్రం గతంలో గెలిచే ముందు ఎలా పనిచేసింది, ఇప్పుడెలా చేస్తోంది అన్నది పోల్చండి. ఎప్పుడూ 600ని 45లో 'మూవ్డ్ ఈజీ'గా వచ్చేది రేసుకు మూడు రోజుల ముందు ఒళ్లు విరిచి పరుగెత్తిందంటే మంచి సూచన కాకపోవచ్చు, దమ్ము అక్కడే ఖర్చయిపోయి ఉండొచ్చు. విరామం తర్వాత వచ్చే గుర్రాలకు మాక్ రేసు (సాధన పందెం) ఫలితం ఈ టైములకన్నా చాలా నయం.

ప్రశ్న: బుధవారం రాత్రుళ్లు హాంకాంగ్ హ్యాపీ వ్యాలీ రేసులు చూస్తుంటాను. వరసగా ఎనిమిది తొమ్మిది రేసులు. అక్కడ ఏం చూడాలి? ఫోన్లో డబ్బు కట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: రెండోదానికి ముందు చెబుతాం: కట్టకండి. ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఫోన్ బుకీ దగ్గర కట్టినా చట్టవిరుద్ధమే. గెలిచాక డబ్బు ఇవ్వనంటే మీరు వెళ్లి మొరపెట్టుకునే చోటు కూడా ఉండదు.

చేయి తిరగడానికి మాత్రం హ్యాపీ వ్యాలీని మించింది లేదు. పాత రేసుల వీడియోలు, దూరాన్ని ముక్కలు చేసి తీసిన టైములు అక్కడి జాకీ క్లబ్ సైట్‌లో ఉచితం. మన గడియారం వాళ్లకన్నా రెండున్నర గంటలు వెనక, కాబట్టి రాత్రి భోజనాల వేళకే చాలా రేసులు అయిపోతాయి. బరువులు పౌండ్లలో ఉంటాయి, పౌండు అంటే 0.45 కిలో. ఒక రేటింగ్ పాయింటుకి ఒక పౌండు. క్లాస్ 4 అంటే 60–40 రేటింగులు, క్లాస్ 3 అంటే 80–60.

అది కుడిచేతి వాటం ఇరుకు కోర్సు. మలుపులు బిగువు, చివరి తిన్నని దారి 300 మీటర్లు దాటి కొంచెమే. రేసుకు 12 గుర్రాల దాకా దిగుతాయి. 1650 మీటర్ల రేసులో బయటి గేటు పడినదానికి రెండు దారులే: మలుపులో మూడో నాలుగో వరసలో తిరిగి అదనపు దూరం పరుగెత్తడం, లేదా వెనక్కి లాగి చివర్లో దారి కోసం వెతుక్కోవడం. అందుకని ముందు గేటు నంబరు, తర్వాత రేటింగ్ చూడండి. రెయిలింగ్‌ని ఏ, బీ, సీ, సీ ప్లస్ 3 అని వారం వారం జరుపుతారు. ఆ రాత్రి మొదటి రెండు రేసులు ఊరికే చూడండి. గెలిచినవి ముందున్నవా, వెనక నుంచి వచ్చినవా, రెయిల్ పక్కన వచ్చాయా, దూరంగానా రాసుకుని, మూడో రేసు నుంచి మీ అంచనా మొదలుపెట్టండి. కిందటిసారి బయటి గేటు నుంచి వచ్చి మూడు లెంగ్తుల్లో ఓడి, ఈసారి రెండో గేటు పడ్డ గుర్రం దొరికిందా, దాన్ని వదలకండి. కాగితం మీదే సుమా.

ప్రశ్న: నా గుర్రాలు పదింట మూడు గెలుస్తున్నాయి. అయినా జేబు ఖాళీ అవుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: మీరు గుర్రాన్ని చూస్తున్నారు, ధర చూడటం లేదు. 3/1 అంటే రూపాయికి మూడు రూపాయల లాభం, గెలిచే అవకాశం 25 శాతమని బుకీ చెబుతున్నట్టు. 6/4 అంటే 40, 4/1 అంటే 20, 6/1 అంటే 14.3, 10/1 అంటే 9.1, 20/1 అంటే 4.8. ఏడు గుర్రాల రేసులో 6/4, 3/1, 4/1, 6/1, 10/1, రెండు 20/1లు ఉన్నాయనుకోండి. కూడితే 118 వస్తుంది. నూరు దాటిన ఆ 18లోనే బుకీ బతుకుతున్నాడు. మీరు రాత్రి వేసుకునే అంచనాలు మాత్రం కచ్చితంగా నూరుకే తేలాలి. తేలకపోతే ఏదో గుర్రాన్ని మీరు ఎక్కువ ప్రేమిస్తున్నారు.

ఇప్పుడు దీనికి పన్ను కలపండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం, అదీ పందెం పూర్తి విలువ మీద. 100 రూపాయల పందేనికి 140 జేబులోంచి పోతుంది. 3/1 గుర్రం గెలిస్తే చేతికొచ్చేది 400, మిగిలేది 260. అంటే పన్ను లేకుంటే 25 శాతం గెలుపులతో సరిపోయే పందెం ఇప్పుడు 35 శాతం గెలిస్తే తప్ప గిట్టదు. మీ పదింట మూడు 30 శాతం, అక్కడే పోతోంది. 6/4 ఫేవరెట్ గిట్టాలంటే 56 శాతం గెలవాలి, 4/1కి 28, 5/1కి 23 చిల్లర. కాబట్టి మీ అంచనాలో 30 శాతం ఉన్న గుర్రం 5/1 దొరికితే కాయండి. అదే గుర్రం 3/1కి దిగితే, అది గెలుస్తుందని ఎంత నమ్మకమున్నా చూస్తూ కూర్చోండి. గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే. పోగొట్టుకున్నది అందులో తీసేసుకోనివ్వరు.

ఈ పన్నుతో ఏళ్ల తరబడి లాభంలో ఉండగలవాళ్లు ఉంటారని మేం నమ్మం. సినిమాకు పెట్టినట్టు, పోయినా ఇంట్లో ఎవరికీ తేడా రాని మొత్తాన్ని ముందే కవరులో పెట్టుకుని వెళ్లండి. అందులో ఒక్కో పందెం ఇరవయ్యో వంతు దాటొద్దు. ఓడాక పందెం రెట్టింపు చేసేవాళ్లకు ఆ కవరు నాలుగో రేసుకే ఖాళీ. అప్పు తెచ్చి ఆడుతున్నవాళ్లకు మా దగ్గర వేరే లెక్క లేదు, ఆపేయడమే.

ప్రశ్న: జాక్‌పాట్ టికెట్టు ఖర్చు ఎలా లెక్కేస్తారు?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: జాక్‌పాట్ అంటే వరసగా ఐదు రేసుల విజేతలు. ప్రతి రేసులో ఎన్ని గుర్రాలు పెట్టారో ఆ అంకెల్ని గుణించండి. 2, 3, 1, 4, 2 పెడితే 48 యూనిట్లు, అంటే 48 వేర్వేరు పందేలు. ఐదింట్లోనూ మూడేసి పెడితే 243. ఆ ఒక్కటి పెట్టిన రేసే టికెట్టుకి వెన్నెముక, అక్కడ మీకు అన్నిటికన్నా నమ్మకమున్న గుర్రం ఉండాలి. టనాలా అయితే మొదటి మూడు స్థానాలు వరసతో సహా చెప్పాలి. నాలుగు గుర్రాల్ని అన్ని వరసల్లో వేస్తే 24 యూనిట్లు. క్వినెల్లాకి మొదటి రెండూ ఏ వరసలో వచ్చినా చాలు కాబట్టి అవే నాలుగుకి 6. వాట్సాప్‌లో 'గ్యారంటీ జాక్‌పాట్' అమ్మేవాళ్ల గురించి కూడా అడిగారు. పదిమందికి పది వేర్వేరు టికెట్లు పంపితే ఎప్పుడో ఒకసారి ఒకటి తగులుతుంది. వాళ్లు చూపించేది ఆ ఒక్కరి టికెట్టే.

ప్రశ్న: రేసుకు ముందు గుర్రాల్ని తిప్పే ప్యాడాక్‌లో గుర్రాన్ని చూసి ఏం తెలుసుకోవచ్చు?
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: మంచి గుర్రాన్ని పట్టుకోవడం కష్టం, చెడ్డరోజు నడుస్తున్నదాన్ని పట్టుకోవచ్చు. ఉక్కపోత రోజు మెడ మీద చెమట మామూలే. వెనక కాళ్ల మధ్య తెల్లని నురగ కట్టి, తల విదిలిస్తూ, పట్టుకు నడిపించే సయిసుని లాక్కుపోతుంటే అది రేసుని అక్కడే పరుగెత్తేస్తోంది. చర్మం నిగనిగలాడాలి, డొక్కలు మరీ లోపలికి పీక్కుపోకూడదు, వెనక నడక వదులుగా సాగాలి. ముందు కాళ్లకు కట్లు కనిపిస్తే కిందటిసారి ఉన్నాయో లేదో కనుక్కోండి. కళ్ల పక్కన అడ్డుగా ఉండే బ్లింకర్లు మొదటిసారి తొడిగితే చూపు పక్కకు పోని గుర్రం మొదట్లోనే దూసుకుపోవచ్చు. రాత్రి మీరు గీసుకున్న 'ముందుకు దూకేవి' జాబితాలో దాన్నీ చేర్చి లెక్క మళ్లీ చూసుకోండి.