చిప్ మారింది, ఇంటరప్ట్ ఆగింది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం రొయ్యల చెరువుల ఏరియేటర్లకు కంట్రోల్ బోర్డులు చేస్తాం. ఇన్నాళ్లూ ఎస్‌టీఎం32 ఎఫ్103 మైక్రోకంట్రోలర్ చిప్ వాడాం, ఇప్పుడు ఖర్చు తగ్గుతుందని ఎఫ్030కి మారాం. పీఏ0 పిన్ మీద ఫేజ్ ఫెయిల్ రిలే కాంటాక్టు, పీబీ1 మీద ఫ్లోట్ స్విచ్ ఉన్నాయి. కంపైలర్ ఎర్రర్లు పోయేవరకు పాత కోడ్‌లో పేర్లు సరిచేసి ఎక్కించాం. ఒక ఫేజ్ తీస్తే బోర్డు బిగుసుకుపోతోంది. ఫ్లోట్ అసలు పలకడం లేదు. ముందుముందు జీ0 సిరీస్ కూడా వాడాలనుకుంటున్నాం. ఒకే డ్రైవర్‌తో మూడూ నడుస్తాయా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నడుస్తాయి. ముందు ఈ రెండు జబ్బుల సంగతి చూద్దాం, వాటి కారణాలు వేరువేరు.

బోర్డు బిగుసుకుపోవడానికి కారణం హ్యాండ్లర్ పేరు, అంటే ఇంటరప్ట్ (పని మధ్యలో ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) రాగానే నడిచే ఫంక్షన్ పేరు. ఎఫ్103లో బయటి లైన్ 0కి, లైన్ 1కి విడివిడిగా ఇంటరప్ట్ నంబర్లు (6, 7), విడివిడిగా హ్యాండ్లర్లు ఉంటాయి. ఎఫ్030లో ఆ రెండు లైన్లూ కలిసి నంబర్ 5 మీద వస్తాయి, రెండింటికీ ఒకే హ్యాండ్లర్. మీరు ఇంటరప్ట్ నంబర్ మార్చారు, ఫంక్షన్‌కి మాత్రం పాత పేరే ఉంచారు. స్టార్టప్ ఫైల్‌లో ప్రతి హ్యాండ్లర్‌కూ ఒక బలహీనమైన డీఫాల్ట్ నిర్వచనం ఉంటుంది. మీ ఫంక్షన్ పేరు దానితో కలవకపోయినా లింకర్ నోరెత్తదు, డీఫాల్ట్‌నే పెట్టేస్తుంది. ఆ డీఫాల్ట్ హ్యాండ్లర్ అంతులేని లూప్. ఫేజ్ పోగానే ప్రాసెసర్ అందులోకి వెళ్లి మళ్లీ బయటికి రాదు. డీబగ్గర్ తగిలించి ఆపి చూడండి, ప్రోగ్రామ్ కౌంటర్ అక్కడే ఉంటుంది.

ఫ్లోట్ పలకకపోవడానికి కారణం క్లాక్. ఏ పోర్టు పిన్ ఏ లైన్‌కి వెళ్లాలో చెప్పే రిజిస్టర్ ఎఫ్103లో ఏఎఫ్‌ఐఓ బ్లాక్‌లో, ఎఫ్030లో సిస్‌సీఎఫ్‌జీ బ్లాక్‌లో ఉంటుంది. ఆ బ్లాక్‌కి ఆర్‌సీసీలో (క్లాక్‌లు పంచే బ్లాక్‌లో) క్లాక్ ఇవ్వకపోతే మీరు రాసింది ఏదీ అందులో పడదు, అంతా సున్నాగానే ఉంటుంది. సున్నా అంటే పోర్టు ఏ. అందుకే పీఏ0 పనిచేస్తుంది, పీబీ1 పనిచేయదు. పోర్టు ఏ పిన్‌లు మాత్రమే పలుకుతూ మిగతావి మూగపోతే ముందు ఈ క్లాకే చూడండి.

ఇప్పుడు ఒకే డ్రైవర్ మాట. చిప్ పేరు పెట్టి కోడ్ నిండా షరతులు చల్లకండి. మూడో చిప్ వచ్చేసరికి ఏ షరతు దేనికోసమో రాసినవాళ్లకే గుర్తుండదు. తేడాలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టండి, చిప్‌కో టేబుల్, అన్నీ కాన్‌స్టెంట్‌గా. బిల్డ్ చేసేటప్పుడు ఏ టేబుల్ లింక్ అవ్వాలో ఒక్కచోట చెప్పండి. ఈ మూడు చిప్‌లకి ఆ టేబుల్‌లో ఉండాల్సినవి: లైన్లు ఏ గుంపుగా ఏ నంబర్ మీద వస్తాయి, పోర్టు ఎంపిక రిజిస్టర్ ఎక్కడుంది, అందులో ఒక్కో లైన్‌కి ఎన్ని బిట్లు, దానికి క్లాక్ బిట్ కావాలా, పెండింగ్ రిజిస్టర్లు (ఏ లైన్ మీద ఇంటరప్ట్ వచ్చిందో గుర్తుపెట్టేవి) ఒకటా రెండా.

గుంపుల్లో ఎఫ్103ది పెద్ద జాబితా: 0 నుంచి 4 వరకు ఒక్కో లైన్‌కి ఒక్కో నంబర్ (6 నుంచి 10), 5–9 లైన్లకి కలిపి 23, 10–15కి కలిపి 40. ఎఫ్030, జీ0 రెండింట్లోనూ మూడే గుంపులు: 0–1కి 5, 2–3కి 6, 4–15కి 7.

నంబర్లు ఒకటే కదా అని జీ0కి ఎఫ్030 టేబుల్ పెట్టేయకండి. జీ0లో పోర్టు ఎంపిక రిజిస్టర్ బయటి లైన్లను చూసే ఎక్స్‌టీ బ్లాక్‌లోనే ఉంటుంది, అందులో ఒక్కో లైన్‌కి 8 బిట్లు. మిగతా రెండింట్లో 4. లైన్ 1ని పోర్టు బీకి తిప్పాలంటే ఎఫ్030లో రిజిస్టర్‌లో పడాల్సిన విలువ 16, జీ0లో 256. జీ0లో 16 రాశారంటే ఆ బిట్ లైన్ 0 గదిలో పడుతుంది. ఫ్లోట్ పలకదు సరికదా, అంతవరకు బాగున్న ఫేజ్ లైన్ కూడా చెడవచ్చు. పైగా జీ0లో సిగ్నల్ పైకెళ్లే అంచుకి ఒక పెండింగ్ రిజిస్టర్, కిందికి దిగే అంచుకి ఇంకొకటి ఉంటాయి. రెండూ చదివి కలపాలి, దేని ఫ్లాగ్ దానిలోనే చెరపాలి.

చెరపడం దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. పెండింగ్ బిట్ మీద 1 రాస్తే అది చెరిగిపోతుంది, 0 రాస్తే ఏమీ కాదు. అలవాటుకొద్దీ ‘ఉన్నదానికి ఈ బిట్ కలుపు’ అని ఆర్ చేసి రాస్తే, చదివినప్పుడు 1గా ఉన్న ప్రతి బిట్టూ తిరిగి 1గానే రాయబడుతుంది, అంటే అన్నీ చెరిగిపోతాయి. ఫేజ్, ఫ్లోట్ రెండూ ఒకేసారి వచ్చాయనుకోండి. రిజిస్టర్‌లో 3 ఉంటుంది. లైన్ 0 కోసం 1 కలిపితే మళ్లీ 3, అది రాయగానే రెండూ పోతాయి. తర్వాత లైన్ 1ని చూస్తే అక్కడేమీ ఉండదు. పాత చిప్‌లో లైన్ 1 సొంత నంబర్ మీద ఎన్‌విఐసి (ప్రాసెసర్‌లోని ఇంటరప్ట్ కంట్రోలర్) దగ్గర అప్పటికే నమోదయి ఉంటుంది. ఫ్లాగ్ చూడని హ్యాండ్లర్ అయితే ఎలాగూ నడుస్తుంది కనుక ఈ తప్పు ఏళ్లతరబడి దాగుతుంది. సరైన పద్ధతి: పెండింగ్‌ని ఒక్కసారి చదవండి, ఈ గుంపు మాస్క్‌తో వడగట్టండి, మిగిలిన విలువనే నేరుగా రాసి చెరపండి, తర్వాత అందులో ఉన్న ఒక్కో బిట్‌కీ పని చేయండి. మొదటి బిట్ దొరకగానే వెనక్కి వచ్చేయకండి.

పరీక్షకి బటన్ పనికిరాదు, రెండు అంచులు ఒకే క్షణంలో రావు. టైమర్ ఔట్‌పుట్ పిన్ ఒకటి తీసుకుని సెకనుకి 10 పల్స్‌లు పెట్టండి. ఆ వైరునే పీఏ0కీ పీబీ1కీ కలపండి. రెండు లైన్లకీ ఒకే అంచు ఎంచుకోండి. 100 సెకన్లు ఆగితే రెండు కౌంటర్లూ 1000 చూపాలి. రెండోది సున్నా దగ్గర ఉండిపోతే పైన చెప్పిన తప్పే. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటే వేళ ఒక్క ఫేజ్ ఇంటరప్ట్ జారిపోయినా ఏరియేటర్లు ఆగిన కబురు గట్టు మీదికి చేరదు. చేరేసరికి రొయ్య తేలిపోయి ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండా బోర్డు చెరువుకి పంపొద్దు.

ప్రశ్న: ఎఫ్103లో ఫేజ్ ఫెయిల్‌కి ప్రయారిటీ 5, సీరియల్ లాగ్‌కి 8 ఇచ్చాను. అదే కోడ్ ఎఫ్030లో పెడితే లాగ్ నడుస్తున్నంతసేపూ ఫేజ్ ఆగుతోంది. తిరగబడిందేమిటి?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, అమలాపురం

జవాబు: అమ్మా, మీ లెక్క తప్పలేదు, బిట్లు తగ్గాయి. ఎఫ్103లో ప్రయారిటీకి 4 బిట్లు, అంటే 16 మెట్లు. ఎఫ్030లోని కార్టెక్స్ ఎం0 ప్రాసెసర్‌లో 2 బిట్లు, 4 మెట్లు. ఆ బిట్లు ఎప్పుడూ బైట్‌లో పైభాగాన ఉంటాయి కాబట్టి, సీమ్‌సిస్ (ఆర్మ్ ఇచ్చే ప్రామాణిక లైబ్రరీ) ఫంక్షన్ మీరిచ్చిన అంకెను ఎం0లో 6 స్థానాలు ఎడమకి జరిపి, బైట్ దాటిందాన్ని కోసేస్తుంది. 5ని జరిపితే 320, కోశాక 64, అంటే మెట్టు 1. 8ని జరిపితే 512, కోశాక సున్నా. అంకె ఎంత చిన్నదైతే ప్రయారిటీ అంత ఎక్కువ. మీ లాగ్ అందరికంటే పై మెట్టెక్కి కూర్చుంది.

డ్రైవర్ వాడేవాళ్ల చేతికి అంకెలు ఇవ్వకండి. ‘అత్యవసరం’, ‘మామూలు’, ‘నిదానం’ అని మూడు పేర్లు పెట్టి, ఏ పేరు ఏ మెట్టో చిప్ టేబుల్‌లో రాయండి. కొత్త చిప్‌లో ఎన్ని బిట్లున్నాయో సందేహమొస్తే, వాడని ఒక ఇంటరప్ట్ ప్రయారిటీ గదిలో 255 రాసి తిరిగి చదవండి. 240 వస్తే 4 బిట్లు, 192 వస్తే 2. చదివేది ఎం0లో అయితే 32 బిట్ల పదంగానే చదవాలి, రాయాలి. ఎఫ్103లోని ఎం3లోలాగా ఒక్క బైట్‌ని ముట్టుకోవడం అక్కడ కుదరదు.

ఇంకొకటి. ఒక ప్రయారిటీ దాకా ఉన్న ఇంటరప్ట్‌లనే ఆపే బేస్‌ప్రై రిజిస్టర్ ఎం0లో లేదు. క్రిటికల్ సెక్షన్ (మధ్యలో ఇంటరప్ట్ రాకూడని కోడ్ ముక్క) అంటే అక్కడ ప్రైమాస్క్‌తో అన్నీ ఆపడమే, కాబట్టి ఆ ముక్క చిన్నగా ఉంచండి.

ప్రశ్న: ఎఫ్030లో బూట్‌లోడర్ రాశాం. అప్లికేషన్‌లోకి దూకాక ఇంటరప్ట్ రాగానే మళ్లీ బూట్‌లోడర్ హ్యాండ్లర్లే నడుస్తున్నాయి.
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వెక్టర్ టేబుల్ (హ్యాండ్లర్ల చిరునామాల జాబితా) ఎక్కడుందో మార్చే వీటీఓఆర్ రిజిస్టర్ ఎఫ్030లో లేదు. ఎఫ్103లో ఉంది, జీ0లో ఉంది. ఎఫ్030లో చుట్టుతిరిగి వెళ్లాలి. అప్లికేషన్ టేబుల్‌ని ర్యామ్ మొదటి చిరునామాకి కాపీ చేయండి. సిస్టమ్ ఎక్సెప్షన్‌లవి 16, ఇంటరప్ట్‌లవి 32, మొత్తం 48 పదాలు, 192 బైట్లు. తర్వాత సిస్‌సీఎఫ్‌జీలో మెమరీ మోడ్‌ని 3 చేయండి, అప్పుడు సున్నా చిరునామా దగ్గర ర్యామ్ కనబడుతుంది. దీనికీ ముందుగా సిస్‌సీఎఫ్‌జీ క్లాక్ కావాలి. లింకర్ స్క్రిప్ట్‌లో ర్యామ్‌ని 192 బైట్ల తర్వాత నుంచి మొదలెట్టండి. లేకపోతే మీ వేరియబుల్సే టేబుల్‌ని తొక్కేస్తాయి, తప్పు రోజుకో చోట కనబడుతుంది. ఈ పనంతా జరిగేవరకు ఇంటరప్ట్‌లు ఆపి ఉంచండి.

ప్రశ్న: ఒక్క అంచుకే హ్యాండ్లర్ అప్పుడప్పుడు రెండుసార్లు నడుస్తోంది. స్కోప్‌లో సిగ్నల్ శుభ్రంగా ఉంది.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఫ్లాగ్‌ని హ్యాండ్లర్ చివర్లో చెరుపుతున్నారు. ఆ రాత చిప్ లోపలి డేటా బస్ మీదుగా పెరిఫెరల్‌కి చేరేలోపే ప్రాసెసర్ బయటికొచ్చేస్తే, లైన్ ఇంకా పైనే ఉందని మళ్లీ లోపలికి వెళ్తుంది. మొదట్లోనే చెరపండి. అలా కుదరకపోతే చెరిపాక అదే రిజిస్టర్‌ని ఒకసారి చదివి అప్పుడు బయటికి రండి.

ప్రశ్న: రైస్ మిల్లు మోటార్ల డేటా సేకరించే లైనక్స్ బోర్డు మాది. మాన్యువల్‌లో మా పెరిఫెరల్ ఇంటరప్ట్ 75 అని ఉంది. డివైస్ ట్రీలో (లైనక్స్‌కి హార్డ్‌వేర్ వివరాలు చెప్పే ఫైల్‌లో) 75 పెడితే రావడం లేదు. ఫాలింగ్ ఎడ్జ్ పెడితే తీసుకోవడం లేదు.
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలర్ జీఐసీలో మొదటి 16 నంబర్లు ప్రాసెసర్లు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి, తర్వాతి 16 ఒక్కో ప్రాసెసర్ సొంతానికి. అందరికీ చెందిన పెరిఫెరల్ ఇంటరప్ట్‌లు 32 నుంచి మొదలు. డివైస్ ట్రీలో ఆ 32 తీసేసి రాయాలి: మొదటి గడిలో 0, రెండో గడిలో 43. కొన్ని మాన్యువల్‌లు 32 తీసేసిన నంబరే ఇస్తాయి, అక్కడ మళ్లీ తీయకూడదు. ఈ తరహా ఇంటరప్ట్‌లకి జీఐసీ ఒప్పుకునేది రైజింగ్ ఎడ్జ్, హై లెవెల్, ఈ రెండే. ఫాలింగ్ కావాలంటే మధ్యలో సిగ్నల్‌ని తిప్పే జీపీఐఓ కంట్రోలర్ ఉండాలి.

డ్రైవర్ మీరే రాస్తుంటే, పై టేబుల్ పద్ధతే లైనక్స్‌లోనూ ఉంది. డ్రైవర్ ఏ హార్డ్‌వేర్‌కి తగునో చెప్పే ప్రతి కంపాటిబుల్ పేరు పక్కన ఒక డేటా పాయింటర్ పెట్టుకోవచ్చు. సైఫైవ్ ప్లిక్ (రిస్క్-ఫైవ్ చిప్‌ల ఇంటరప్ట్ కంట్రోలర్) డ్రైవర్ తెరిచి చూడండి: ఆండిస్, టీహెడ్ ప్లిక్‌లలో ఎడ్జ్ ఇంటరప్ట్‌ల తీరు వేరు కనుక ఆ పేర్ల పక్కన ఆ తేడాని చెప్పే ఒక క్విర్క్ ఫ్లాగ్ ఉంటుంది, మిగతా కోడ్ అందరికీ ఒకటే.

ప్రశ్న: సీహెచ్32వీ003 చిప్‌లో ఇంటరప్ట్ ఒక్కసారే వస్తోంది, మళ్లీ రాదు. మామూలు రిస్క్-ఫైవ్ జీసీసీ వాడుతున్నా.
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: తయారీదారు ఉదాహరణల్లో హ్యాండ్లర్ ముందు ఉండే ప్రత్యేక ‘ఫాస్ట్’ గుర్తు వాళ్ల సొంత కంపైలర్‌కే అర్థమవుతుంది. మామూలు జీసీసీ ఒక వార్నింగ్ ఇచ్చి దాన్ని వదిలేస్తుంది. అప్పుడు హ్యాండ్లర్ మామూలు ఫంక్షన్‌లా రెట్‌తో ముగుస్తుంది, ఇంటరప్ట్ నుంచి బయటికొచ్చే ఎంరెట్ ఇన్‌స్ట్రక్షన్‌తో కాదు. ప్రాసెసర్ ఇంకా ఇంటరప్ట్‌లోనే ఉన్నాననుకుంటుంది. మామూలు ‘ఇంటరప్ట్’ గుర్తు మాత్రమే పెట్టండి, స్టార్టప్ ఫైల్‌లో హార్డ్‌వేర్ స్టాకింగ్ (రిజిస్టర్లని చిప్పే దాచిపెట్టడం) ఆన్ చేసే లైన్ తీసేయండి. ఈ చిప్‌లో 0 నుంచి 7 వరకు బయటి లైన్లన్నీ ఒకే నంబర్, 20 మీద వస్తాయి. కాబట్టి భీమవరం పాఠకుడికి చెప్పిన మాస్క్ పద్ధతి మీకూ కావాలి.

ప్రశ్న: ఏరియేటర్ కాంటాక్టర్ పడ్డప్పుడల్లా ఫ్లోట్ లైన్ మీద వందల ఇంటరప్ట్‌లు. ఇది డ్రైవర్‌లో సరిచేయాలా, వైరింగ్‌లోనా?
— ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: ముందు వైరింగ్‌లో. చెరువు గట్టు మీద నుంచి వచ్చే పొడుగు వైరు మోటారు కేబుల్‌తో కలిసి పరిగెత్తితే అది ఏరియల్ లాంటిదే, దూరంగా లాగండి. పిన్ దగ్గర 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. 1 మిల్లీసెకన్ కంటే చిన్న ముల్లులు చాలావరకు అక్కడే చస్తాయి. కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (వోల్టేజీ ముల్లులని అణిచే జత) పెట్టండి. ఆ కెపాసిటర్ ఎక్స్2 రకమై ఉండాలి, కాయిల్ 415 వోల్టులదైతే దానికి తగ్గ రేటింగ్‌ది తీసుకోండి.

ఆ తర్వాత డ్రైవర్‌లో: అంచు రాగానే హ్యాండ్లర్‌లో ఆ లైన్ మాస్క్ చేసి (తాత్కాలికంగా ఆపి), 20 మిల్లీసెకన్ల టైమర్ పెట్టండి. టైమర్ అయ్యాక పిన్ స్థితి చదివి, పాత పెండింగ్ చెరిపి, మాస్క్ తీయండి. తీశాక పిన్‌ని ఇంకోసారి చదవండి, ఆ సందులో ఫ్లోట్ మారి ఉంటే అంచు దాటిపోయి ఉంటుంది. మాస్క్ చేయాల్సింది ఎక్స్‌టీ దగ్గర ఒక్క లైన్‌ని మాత్రమే. ఎన్‌విఐసి దగ్గర ఆపితే ఎఫ్030లో ఫేజ్ లైన్ కూడా దానితోపాటే ఆగిపోతుంది.