సాయంత్రాలు తగ్గిపోతున్న ఫైబర్ వేగం: రూటర్ మార్చే ముందు
కావలిలో 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా రాత్రి 7 దాటితే 8 కూడా రావడం లేదని, రూటర్ మార్చుకోమంటున్నారని రాశారు. దయచేసి అప్పుడే డబ్బు పెట్టకండి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి, తెల్లవారుజామున ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి వేగం కొలిచి, ఆ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. రెండు వేళలా పూర్తి వేగం వస్తే లోపం వైఫైదే కనుక, రూటర్ వైఫైలో ఉండే రెండు సిగ్నల్ బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్‌జ్ నుంచి 5 గిగాహెర్ట్‌జ్‌కి మారి చూడండి. రాత్రి మాత్రమే పడిపోతే, చాలా ఇళ్లు పంచుకునే లైను సామర్థ్యం చాలడం లేదని అనుకోవచ్చు. దాన్ని ఏ కొత్త రూటరూ బాగుచేయలేదు. ఒంగోలులో మా ఇంట్లో మాత్రం రోజంతా తగ్గేది, చివరికి చూస్తే స్తంభం దగ్గర ఫైబర్ మడతపడి ఉంది. ఆ స్క్రీన్‌షాట్లతో మీ ఇంటర్నెట్ సంస్థకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తప్పక అడిగి తీసుకోండి. పరిష్కారం సంతృప్తినివ్వకపోతే ఆ సంస్థలోని అప్పీలు విభాగానికి 30 రోజుల్లోగా రాయవచ్చు.