పాఠకుల ప్రశ్నలు: తప్పు చిప్పుదా, కొలతదా?

ప్రశ్న: 16 బిట్ల డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టరును (పంపిన అంకెను, అంటే కోడ్‌ను, వోల్టేజీగా మార్చే చిప్పును) పరీక్షించడానికి దాని ఎవాల్యుయేషన్ బోర్డు (చిప్పును బిగించి ఇచ్చే పరీక్షా బోర్డు) తెప్పించుకున్నాను. రిఫరెన్స్, అంటే చిప్పు కొలబద్దగా వాడే స్థిర వోల్టేజీ, 2.5 వోల్టులు. 32768 కోడ్ పంపితే 1.25 వోల్టులు రావలసి ఉండగా, నా నాలుగున్నర అంకెల మల్టీమీటరు 1.2478 చూపుతోంది. ఆసిలోస్కోపులో ఔట్‌పుట్ మీద 20 మిల్లీవోల్టుల నాయిస్ కూడా కనిపిస్తోంది. చిప్పు చెడిపోయినట్టేనా?

జవాబు: ఈ రెండు లక్షణాలను బట్టి అలా అనలేం. 16 బిట్లంటే 65536 కోడ్లు; 2.5 వోల్టులను 65536తో భాగిస్తే ఒక్కో మెట్టు సుమారు 38 మైక్రోవోల్టులు. మీకు కనిపించిన 2.2 మిల్లీవోల్టుల తేడా దాదాపు 58 మెట్లకు సమానం కనుక కంగారు సహజమే. అయితే రిఫరెన్స్ వోల్టేజీలో 0.2 శాతం తేడా ఉన్నా, సగం కోడ్ దగ్గర 2.5 మిల్లీవోల్టుల మార్పు వస్తుంది. అందుచేత ముందు బోర్డుపై రిఫరెన్స్ టెస్ట్ పాయింటును కొలవండి. బోర్డులోని రిఫరెన్స్‌కూ బయటి రిఫరెన్స్‌కూ మధ్య ఎంపిక చేసే జంపరు (పిన్నులను కలిపే చిన్న తొడుగు) ఎటు ఉందో కూడా చూడండి. ఇక్కడ ఒక చిక్కుంది. మీ మీటరు 2 వోల్టుల రేంజిలో 1.9999 దాటదు. 2.5 వోల్టులకు 20 వోల్టుల రేంజికి మారితే చివరి అంకె ఒక మిల్లీవోల్టు, అంటే 26 మెట్లు. అక్కడ 2.496 చూపితే అనుమానం చాలావరకు రిఫరెన్స్ మీదికి మళ్ళుతుంది గానీ, లీనియారిటీ (కోడ్‌తో పాటు వోల్టేజీ సరళరేఖలో పెరుగుతోందా అన్నది) తేల్చడానికి ఆరున్నర అంకెల మీటరు కావలసిందే.

ఔట్‌పుట్‌కు బఫర్ (బయటి భారం వల్ల వోల్టేజీ పడిపోకుండా కాపాడే యాంప్లిఫయరు) లేని చిప్పయితే మీటరే కొలతను చెడగొడుతుంది. ఔట్‌పుట్ నిరోధం 6 కిలో ఓములు, మీటరుది 10 మెగా ఓములు అయితే 1.25 వోల్టుల వద్ద సుమారు 0.75 మిల్లీవోల్టులు పడిపోతుంది.

నాయిస్ సంగతికొస్తే, ప్రోబు మొనను దాని గ్రౌండు క్లిప్పుకే తగిలించి, ఆ క్లిప్పును బోర్డు గ్రౌండు దగ్గరే ఉంచి చూడండి. అప్పుడూ 20 మిల్లీవోల్టులు కనిపిస్తే అది చిప్పు నుంచి వచ్చేది కాదు. ప్రోబు పొడవాటి గ్రౌండు తీగ ఒక చుట్టులా ఏర్పడి యాంటెన్నాలా పట్టుకున్నదో, యూఎస్‌బీ కేబులు ద్వారా ల్యాప్‌టాప్ ఛార్జరుకూ స్కోపు ఎర్త్‌కూ మధ్య ఏర్పడిన గ్రౌండు లూపు (గ్రౌండు తీగల గుండా కరెంటు తిరిగే వలయం) తెచ్చినదో అయివుంటుంది. ఛార్జరు తీసేసి, తీగ స్థానంలో పొట్టి స్ప్రింగు పెట్టి, స్కోపులో 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పరిమితి ఆన్ చేయండి. (32767 నుంచి 32768కి మారే క్షణాన వచ్చే గ్లిచ్‌ను (క్షణికమైన వోల్టేజీ కుదుపును) చూడాలనుకున్నప్పుడు మాత్రం ఆ పరిమితి తీసేయాలి.)

ఇవన్నీ సరిచేశాక లీనియారిటీకి రండి. సున్నా కోడ్‌ను వదిలేయండి. ఒకే సప్లై మీద నడిచే ఔట్‌పుట్ బఫరు సాధారణంగా గ్రౌండు వరకు పూర్తిగా దిగలేదు. డేటాషీటు సూచించిన కింది, పై కోడ్ల మధ్య సరళరేఖ గీసి, మిగతా కొలతలు ఆ రేఖకు ఎంత దూరంలో ఉన్నాయో లెక్కించండి. ఆఫ్‌సెట్ (రేఖ మొత్తం పైకో కిందికో జరగడం), గెయిన్ (రేఖ వాలు మారడం) దోషాలు ఆ రేఖలోనే ఇమిడిపోతాయి కనుక, ఇప్పుడు కనిపిస్తున్న 58 మెట్ల తేడాలో వాటి వల్ల వచ్చిన భాగం ఈ లెక్కలోకి రాదు. మిగిలే తేడా డేటాషీటు హద్దు దాటితేనే చిప్పును అనుమానించండి.