టవల్ పక్కన పెట్టే చీటీ వెనక ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీబీఏ టూరిజం ఆఖరి సంవత్సరంలో ఉంది. హోటళ్లు, ట్రావెల్ కంపెనీల్లో సస్టైనబిలిటీ (పర్యావరణానికి హాని తగ్గించే పని), సీఎస్సార్ (కంపెనీల సామాజిక బాధ్యత) వైపు వెళ్తానంటోంది. బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీకి అన్నీ కలిపి 35 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. దానికన్నా ఇక్కడే టూరిజం ఎంబీఏ గానీ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) గానీ చేయిస్తే మేలా? అసలు సీఎస్సార్ అంటే బడికి బెంచీలిచ్చి ఫొటో దిగడమే కదా, దానికి జీతమిచ్చేదెవరు? క్యాంపస్‌లో విశాఖలోని ఒక హోటల్లో ట్రైనీ ఉద్యోగం వచ్చింది కానీ, డిగ్రీ చదివించి హోటల్ పనికి పంపడమా అని వద్దన్నాం. మా బావమరిది కొడుకు బీటెక్ చేసి గచ్చిబౌలిలో స్థిరపడ్డాడు. రేపు సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక తండ్రి, తణుకు

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. కోర్సు పేరు మారుతుంది, ఊరి పేరు మారుతుంది, ఆఖరి రెండు వాక్యాలు మాత్రం మారవు. ఒకప్పుడు యానిమేషన్ గురించి ఇలాగే రాసేవారు, ఆ తర్వాత డేటా సైన్స్ గురించి. మూడు కోర్సుల్లో ఏది మేలని మీరు అడుగుతున్నారు కానీ, మీకు కావలసింది నలుగురిలో చెప్పుకోవడానికి ఒక పేరు. దాని సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు బెంచీలు.

మీరన్నది సగం నిజమే. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. బెంచీలు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు ఆ డబ్బుతోనే వస్తాయి. ఫొటోలు కూడా, కాదనను. కానీ ఏ ఊళ్లో ఏం అవసరమో చూసి, పని చేయించి, ఖర్చుకు లెక్క చెప్పేవాళ్లు కావాలి కదా. శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ వాళ్లకు వరలక్ష్మి ఫౌండేషన్ అని ఉంది, అది చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు వృత్తి శిక్షణ ఇస్తుంది. అలాంటి చోట పనిచేసే వాళ్లంతా జీతగాళ్లే. అక్కడ ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లకు విలువుంది. ఊళ్లోకి వెళ్లి అరుగు మీద కూర్చుని మాట్లాడటం వాళ్లకు వచ్చు.

అయితే అదే చట్టం నిబంధనల్లో చాలామంది చూడని మాట ఒకటుంది. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసుకునే పని సీఎస్సార్ కిందికి రాదు. హోటల్ తన మురుగునీటిని శుద్ధి చేసుకుంటే అది సీఎస్సార్ కాదు. పక్క ఊరి చెరువు బాగుచేయిస్తే సీఎస్సార్. మీ అమ్మాయి రెండు పేర్లూ ఒకే ఊపిరిలో చెబుతోంది, కన్సల్టెన్సీ వాళ్లూ అలాగే చెప్పి ఉంటారు. నిజానికి ఆ రెండూ వేర్వేరు గదులు, కొన్నిచోట్ల వేర్వేరు భవనాలు. తను ఏ గదిలోకి వెళ్లాలనుకుంటోందో ఒకసారి అడగండి.

సస్టైనబిలిటీ గదిలో పని పెరగడానికి కారణం మంచితనం కాదు, స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ. స్టాక్ మార్కెట్లో ఉన్న మొదటి వెయ్యి కంపెనీలు కరెంటు, నీళ్లు, చెత్త, ఉద్యోగుల వివరాలన్నీ బీఆర్ఎస్ఆర్ అనే నివేదికలో ఏటా చెప్పాలని 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. తాజ్ హోటళ్లు నడిపే ఇండియన్ హోటల్స్, ఇండిగో, ఐఆర్‌సీటీసీ అన్నీ దాని కిందికి వచ్చేవే. ఒక్కో హోటల్ నుంచి నెలనెలా అంకెలు పైకి వెళ్లాలి. ఆ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడవు.

అవి ఎక్కడ పుడతాయో రెండేళ్ల కిందట నేను చూశాను. నా దగ్గర ఒకప్పుడు సలహా తీసుకున్న అమ్మాయి తీర ప్రాంతంలో ఒక హోటల్లో చేస్తోంది. చూడ్డానికి రమ్మంటే వెళ్లాను. లాబీలో కూర్చోబెడుతుందనుకుంటే వెనకవైపు, వంటింటి సరుకు దిగే చోటికి తీసుకెళ్లింది. ఉదయం పదిన్నర, టిఫిన్ బఫే అప్పుడే ఎత్తేశారు. మూడు డబ్బాలు, ఒక కాటా, గోడకు మేకు, మేకుకు దారంతో కట్టిన నోట్‌బుక్. హెల్పర్ కుర్రాడు డబ్బా కాటా మీద పెడితే ఈమె రాస్తోంది: వండి మిగిలింది, ప్లేట్లో వదిలేసింది, తొక్కలు. ఆ రోజు ఒక్క ఇడ్లీలే తొమ్మిది కిలోలు మిగిలాయి.

చెఫ్ వచ్చాడు. పది దాటాక పెద్ద ట్రే తీసేసి చిన్న ట్రే పెడదామని ఈమె అడిగింది. "ట్రే ఖాళీగా కనిపిస్తే గెస్ట్ నా మీద కంప్లయింట్ ఇస్తాడు, నువ్వొచ్చి సమాధానం చెప్తావా?" అన్నాడాయన. ఈమె వాదించలేదు. పదిహేను రోజుల పేజీలు తిప్పి చూపించింది. ఆయన కాసేపు చూసి, సోమవారం నుంచి గురువారం దాకా ఒప్పుకున్నాడు. శని, ఆదివారాలు మాత్రం కుదరదన్నాడు. సస్టైనబిలిటీ అంటే చాలా రోజులు ఇదేనండీ. ఇంత చేస్తున్నా ఆమె విజిటింగ్ కార్డు మీద 'అసిస్టెంట్ మేనేజర్, హౌస్‌కీపింగ్' అనే ఉంది. చెఫ్ ఆమె మాట విన్నది కూడా అందుకే. నాలుగేళ్లు ఆ మెట్లు ఎక్కి దిగిన మనిషని ఆయనకు తెలుసు. నిన్న విదేశం నుంచి దిగి ల్యాప్‌టాప్ తెరిచిన పిల్ల చెబితే ఆ నోట్‌బుక్ చూసేవాడా?

ఈ రంగం మీద నాకున్న అనుమానాలు కూడా చెప్పాలి. హోటల్ బాత్రూంలో ఒక చీటీ ఉంటుంది చూశారా, టవల్ మళ్లీ వాడుకోండి, భూమిని కాపాడండి అని? గ్రీన్‌వాషింగ్, అంటే లేని పర్యావరణ ప్రేమ ఉన్నట్టు చూపించుకోవడం, అనే మాట పుట్టిందే ఆ చీటీ నుంచి. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ పర్యావరణవాది, లాండ్రీ ఖర్చు తగ్గించుకుంటూ పుణ్యం కట్టుకుంటున్నట్టు మాట్లాడతారేమిటని హోటళ్లను ఎత్తిపొడుస్తూ ఆ మాట వాడాడు. నలభై ఏళ్లవుతోంది, చీటీ అలాగే ఉంది.

ఇప్పుడు తేడా ఏమిటంటే, కోర్టులూ నియంత్రణ సంస్థలూ అడగడం మొదలుపెట్టాయి. 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు కేఎల్ఎం విమాన సంస్థ పర్యావరణ ప్రకటనల్లో చాలావాటిని తప్పుదారి పట్టించేవని తేల్చింది. మీరు చెట్లు నాటడానికి కాస్త డబ్బిస్తే మీ ప్రయాణపు పొగ సర్దుకుపోతుందన్న ధోరణి చెల్లదంది. అదే ఏడాది బుకింగ్ డాట్ కామ్, హోటళ్లకు తానిచ్చే సస్టైనబుల్ గుర్తింపును డచ్ వినియోగదారుల సంస్థ అభ్యంతరంతో తీసేసింది. మన దగ్గర కూడా 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు వచ్చాయి. 'ఎకో ఫ్రెండ్లీ' అని రాస్తే రుజువు చూపించాలి. రిసార్ట్ పేరు ముందు 'ఎకో' తగిలించి నాలుగు వెదురు కుర్చీలు వేసే రోజులు పోతున్నాయి. అందమైన మాటలు రాసే ఉద్యోగాలు తగ్గుతాయి, కాటా దగ్గర నిలబడి లెక్క రాసేవాళ్ల అవసరం ఉంటుంది. మీ అమ్మాయికి ఏది ఇష్టమో నాకు తెలియదు. ఇన్‌స్టాలో కొబ్బరాకుల కింద స్ట్రా లేని కొబ్బరిబోండం ఫొటో చూసి ఇష్టపడి ఉంటే, ఇప్పుడే చెప్పేయండి.

ఇంకో అనుమానం. మన దగ్గర ట్రావెల్ కంపెనీ అంటే చాలావరకు రెండు గదుల ఆఫీసు. కాశీ, చార్‌ధామ్ బస్సులు నడుపుకునే ఆయనకు సస్టైనబిలిటీ డిపార్టుమెంటు ఎక్కడిది? అచ్చంగా ఆ పేరుతో ఉండే ఉద్యోగాలు పెద్ద హోటల్ గొలుసులు, విమానాశ్రయాలు, విమాన సంస్థలు, వాటికి నివేదికలు రాసిపెట్టే కన్సల్టింగ్ కంపెనీల్లో ఉంటాయి, అవీ ఎక్కువగా ప్రధాన కార్యాలయాల్లోనే. సంఖ్య చిన్నది. కోర్సులు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

కంపెనీల బయట కూడా కొంత పనుంది. కేరళలో 2008 ప్రాంతంలో కుమరకోంలో మొదలుపెట్టిన బాధ్యతాయుత పర్యాటకం చూడండి. కుడుంబశ్రీ అనే స్వయం సహాయక సంఘాల మహిళలు పండించిన కూరగాయలను స్టార్ హోటళ్లు కొనేలా ఏర్పాటు చేశారు. వినడానికి తేలిక. రోజూ ఎన్ని కిలోలు, ఏ ధర, వంకాయ మెత్తబడితే ఎవరి నష్టం, ఇవన్నీ కూర్చుని తేల్చడానికి మధ్యలో మనుషులు కావాల్సి వచ్చింది. 2017లో అక్కడి ప్రభుత్వం దీనికి ప్రత్యేకంగా మిషనే పెట్టింది. మన పోచంపల్లికి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు వచ్చింది. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, నిర్వహణ బాగోలేదని 2025లో కొన్నాళ్లు వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. జెండా తెచ్చుకోవడం ఒక రోజు పని, నిలబెట్టుకోవడం రోజూ పని. ఆ రోజువారీ పనికి చదువుకున్న పిల్లలు ఇంకా తక్కువగానే వస్తున్నారు.

ఇక మీరడిగిన పోలిక. బ్రిటన్ ఎమ్మెస్సీ చెడ్డదని అనను. కానీ ఏడాది కోర్సు కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. చదువయ్యాక అక్కడ ఉండి పనిచూసుకునే గడువు ఇన్నాళ్లూ రెండేళ్లు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఏడాదిన్నరే. అనుభవం లేని పిల్లకు ఆ గడువులో వర్క్ వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ దొరకడం కష్టం. దొరక్కపోతే 35 లక్షల అప్పుతో తిరిగొచ్చి, ఇప్పుడు మీరు వద్దన్న ట్రైనీ ఉద్యోగానికే దరఖాస్తు పెట్టాలి. రెండు మూడేళ్లు పనిచేసి, ఏం నేర్చుకోవాలో తెలిశాక వెళ్తే అదే డిగ్రీ వేరేగా పనిచేస్తుంది. టూరిజం ఎంబీఏ అయితే పర్యాటక చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఐటీటీఎం క్యాంపస్ మన నెల్లూరులోనే ఉంది, ఖర్చూ భరించదగ్గదే. ఎంఎస్‌డబ్ల్యూ సీఎస్సార్ గదికి. పోలిక ఇంతే. ఇంకా వివరంగా రాయొచ్చు గానీ, మీ ఇంట్లో తేలాల్సింది అది కాదు.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. 35 లక్షలు అప్పు చేయడానికి సిద్ధపడ్డారు, కానీ అమ్మాయి హోటల్లో యూనిఫాం వేసుకోవడం మీకు నామోషీ. బీబీఏ టూరిజంలో చేర్పించిన రోజున తను ఎక్కడ పనిచేస్తుందనుకున్నారు? ఆ ఉద్యోగం తను సంపాదించుకుంది, పిలిచి ఇచ్చింది కాదు. మీరు వద్దన్నప్పుడు తనేమందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బావమరిది కొడుకు గురించి మాత్రం ఉంది. ఆ అబ్బాయి జీతం పక్కన పెడితే ట్రైనీ జీతం చిన్నగానే కనిపిస్తుంది, మొదటి రెండేళ్లూ అలాగే ఉంటుంది. దానికి సిద్ధంగా ఉండండి. రాత్రి షిఫ్టుల గురించి మీ భయం న్యాయమైనదే. క్యాబ్ ఇస్తారా, హాస్టల్ ఉందా అని హోటల్ వాళ్లనే అడగండి, అడగడంలో తప్పు లేదు. సంబంధాల సంగతి అంటారా, 'విశాఖలో ఒక హోటల్లో ట్రైనీగా చేస్తోంది' అని చెప్పండి. నిజమే కాబట్టి తడుముకోవాల్సిన పని లేదు. అది చాలదన్న ఇంటికి ఎమ్మెస్సీ కూడా చాలదు.

భయపడకండి. మీ అమ్మాయి దారి తప్పలేదు. చాలామంది కన్నా ముందుగానే తనకేం కావాలో చెబుతోంది, మాటలు మాత్రం కాస్త పెద్దవి వాడుతోంది. ట్రైనీగా అన్ని విభాగాలూ తిప్పినప్పుడు హౌస్‌కీపింగ్, ఇంజినీరింగ్ రెండూ గట్టిగా పట్టుకోమనండి. కరెంటు బిల్లు, నీళ్ల మీటరు, డీజిల్ లెక్క, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఎలా నడుస్తుందో చూసి రాసుకోవాలి. ఎక్సెల్ బాగా రావాలి. పెద్ద కంపెనీల బీఆర్ఎస్ఆర్ నివేదికలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంటాయి, రెండు హోటల్ కంపెనీలవి పక్కపక్కన పెట్టుకుని నీళ్ల పేజీలు పోల్చమనండి. అది చేస్తూ విసుగు పుట్టకపోతే ఈ దారి తనదే. పుడితే ఈ వారంలోనే తెలిసిపోతుంది, 35 లక్షలు మిగులుతాయి.

ఆఫర్ లెటర్ తీసి చేరాల్సిన తేదీ చూడండి. దాటకపోతే ఈ రోజే ఒప్పుకున్నట్టు మెయిల్ పెట్టమనండి. దాటిపోయి ఉంటే హెచ్చార్‌కు ఫోన్ చేసి, ఇంట్లో ఒప్పుకోవడానికి ఆలస్యమైందని ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఆ మాట వాళ్లకూ కొత్త కాదు.